నూట ఎనిమిది నొక్కులు

బయలుదేరడానికి ఇంకా తొమ్మిది రోజులు

ఈ పుస్తకం నేను ఇష్టపడి రాస్తున్నది కాదు. మా బిడారులో తాళాలు చేసే మనిషి ఏ రోజు ఏ తాళంతో ఏం చేసిందో రాసిపెట్టాలని కట్టుబాటు. మా నాన్న ముప్పై ఏళ్ళు రాశాడు. ఆయన పేజీల్లో సగం 'బ్యాటరీ మార్చితిని' అన్న ఒక్క ముక్కే ఉంటుంది. నాకు అంత పొదుపు చేతకాదు. పైగా ఈరోజు రాయడానికి నిజంగానే విషయం ఉంది!

చలికాలమంతా పెన్న ఇసుకలో నిలబడి ఉన్న నలభై ఒక్క ఇల్లుబండ్లనీ ప్రయాణానికి ముందు ఒకసారి తాళం బటన్ నొక్కి పలకరించి చూస్తాం. ఆ పని ఈరోజే మొదలైంది. నేను ఇంకా పళ్ళు తోముకుంటున్నాను, పట్టుపురుగుల కుళ్ళాయమ్మ అక్క పరిగెత్తుకుంటూ వచ్చింది.

"చౌడీ, నా ఇల్లు పలకల్యా. ఎన్ని తూర్లు నొక్కినా పలకల్యా!"

బ్యాటరీ అనుకున్నాను. మార్చాను. తాళం మీద చిన్న దీపం చక్కగా వెలిగింది, ఇల్లు మాత్రం ఉలకలేదు. తాళం పక్కనున్న మీట జరిపి, లోపల దాక్కున్న ఇనుప తాళంచెవి బయటికి లాగి తలుపు తీశాను. అది ఉందనే బిడారులో సగంమందికి తెలియదు. కుళ్ళాయమ్మ అక్క నోరు తెరిచి చూసింది. నాకు కాస్త గర్వంగా అనిపించిన మాట నిజం.

ఆ గర్వం స్టార్ట్ బటన్ దాకానే. తాళాన్ని బటన్‌కి ఆనించి పట్టుకున్నాను. బ్యాటరీ చచ్చినా లోపలి చిప్పు పలకాలి. బండి తెర మీద ఒకే మాట వచ్చింది: ఈ తాళం నాకు తెలియదు. ఆరేళ్ళుగా అదే తాళంతో తిరుగుతున్న బండి అన్న మాట అది!

లోపల అరవై తట్టల్లో ఇరవై వేల పురుగులు ఆకు నములుతున్నాయి. నాలుగుసార్లు పొర విడిచాయి, ఇంకో పదిరోజుల్లో గూళ్ళు కడతాయి. ఇప్పుడైతే మకాంలోని చలవ స్తంభం నుంచి అన్ని ఇళ్ళకీ చల్లగాలి వస్తోంది. బయలుదేరే రోజు ఆ స్తంభాన్ని మడిచి మాతోపాటు మదనపల్లె మిట్టకి తీసుకెళ్తాం. ఆ తర్వాత ఇంజను నడిచే ఇల్లే చల్లగా ఉంటుంది. ఈరోజు ఎండ యాభై ఒకటి. కదలని ఇంటిని ఇసుకలోనే వదిలి వెళ్ళడం కూడా కట్టుబాటే.

"తొమ్మిది రోజులుండాయి కదక్కా, నేనుండా కదా" అన్నాను. అన్నానే గానీ, ఏం చేయాలో అప్పటికి నాకేమీ తెలియదు.

ఎనిమిది రోజులు

ఇంకో పదకొండు ఇళ్ళు పలకలేదు. అన్నిటి బ్యాటరీలూ బాగానే ఉన్నాయి. నా చేతులు దురద పెడుతున్నాయి. ఇంత మంచి చిక్కు మా నాన్న కాలంలో ఒక్కటీ రాలేదు.

ఏడు రోజులు

మొత్తం ముప్పైనాలుగు! బిడారు పెద్ద మద్దిలేటి మామ ఇల్లు కూడా మొండికేసింది. ఆయన మీసం వణికిపోయింది.

"ఎవడో దొంగనాయాలు గాల్లోనుంచి మన తాళాలు దోచుకుంటాండాడు" అని మకాం చుట్టూ కట్టెలిచ్చి నలుగురిని కాపలా పెట్టాడు.

"గాల్లోనుంచి దోచుకునేవానికి మీ కట్టెలు అడ్డమా మామా?" అని అడిగాను.

"నువ్వు తాళం చూడుమ్మే, కట్టెల సంగతి నాకిడిసిపెట్టు" అన్నాడు.

కొత్త తాళాలు చేద్దామంటే దారి లేదు. కొత్త తాళాన్ని బండి నమ్మాలంటే అది ఇప్పటికే నమ్మే తాళం ఒకటి పక్కనుండాలి, లేదా బండిని చేసిన కంపెనీ దూరం నుంచి సరే అనాలి. ఆ కంపెనీ మూతపడి నలభై ఏళ్ళయింది.

ఆరు రోజులు

దొరికింది! దొరికింది! రాస్తుంటే కూడా కాళ్ళు నిలవడం లేదు.

పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని గుట్ట కింద నడుస్తున్నాను. పైనుంచి వడగళ్ళు పడినట్టు టిక్కుటిక్కుమని శబ్దం. ఎక్కి చూశాను. మా దారి దేవత దారెమ్మ రాయి చుట్టూ ముప్పైమంది కళ్ళు మూసుకుని కూర్చుని, చేతిలో తాళాలు పట్టుకుని, పెదవులు కదుపుతూ నొక్కుతున్నారు.

మొక్కు! నేను గుట్ట ఎక్కే రకం కాదు కాబట్టి నాకు తట్టనే లేదు. ప్రయాణానికి ముందు దారెమ్మ దగ్గర ఇంటి తాళాన్ని నూట ఎనిమిది సార్లు నొక్కడం మావాళ్ళకి ఎప్పటినుంచో ఉన్నదే. ఏడాదికి ఒక్కరోజు. పోయినేడు కనుమలో రెండు బండ్లు లోయలోకి జారాయి కదా, అందుకని ఈసారి మద్దిలేటి మామ ఒక మండలం రోజులు మొక్కమన్నాడు. రోజూ నూట ఎనిమిది. ఇవాళ్టికి ముప్పైఎనిమిదో రోజు.

మామ తాళాన్ని లాక్కుని, లెక్కలు చదివే నా పలకకి పెట్టి చూశాను. బండి గుర్తుపెట్టుకున్న లెక్క కంటే తాళం నాలుగువేల నూట చిల్లర ముందుంది. నూట ఎనిమిదితో భాగిస్తే ముప్పైఎనిమిది!

అందరినీ అక్కడే కూర్చోబెట్టి చెప్పాను. తాళమూ బండీ ఒకే లెక్క పట్టుకుని ఉంటాయి. బటన్ నొక్కిన ప్రతిసారీ తాళం ఒక అంకె ముందుకు జరిగి, ఆ అంకెను ఎవరికీ తెలియని గుర్తుల్లో దాచి పంపిస్తుంది. బండి అది విని తన లెక్కనీ అక్కడికి జరుపుకుంటుంది. ఒకసారి వాడిన అంకె మళ్ళీ పనికిరాదు, అందుకే గాల్లో పట్టుకున్న దొంగకి దక్కేదేమీ లేదు. బండికి వినపడనంత దూరంలో నొక్కితే తాళం ఒక్కటే ముందుకు పోతుంది. పిల్లలు నొక్కుతారు, జేబులో నొక్కుకుపోతుంది అని రెండువందల యాభైఆరు అంకెల దాకా బండి ఓర్చుకుంటుంది. అది దాటితే, ఎవరో పరాయివాళ్ళు అనుకుని మొహం తిప్పుకుంటుంది, చిప్పు ఆనించినా నమ్మదు. ఏడాదికి నూట ఎనిమిది ఆ ఓర్పులో ఇమిడిపోయింది. ముప్పైఎనిమిది రోజులది ఎలా ఇముడుతుంది?

కొందరి బొటనవేళ్ళు ఇంకా బటన్ మీదే ఉన్నాయి.

"అసలు ఈ నొక్కేది నేర్పించింది మీ నాయన కదమ్మే" అన్నాడు మామ చివరికి. "ఊరికే పెట్టినప్పుడు తాళం బతికుందో లేదో నొక్కి చూడండని ఇల్లిల్లూ తిరిగి చెప్పినాడు."

"ఒకసారి నొక్కమన్నాడు మామా, ఒక్కసారి! నూట ఎనిమిది మీరు కలిపినారు."

మొక్కు మొక్కని ఏడు ఇళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. వాటిలో నాది ఒకటి. బద్ధకస్తురాలని ఇన్నాళ్ళూ ఎత్తిపొడిచినవాళ్ళంతా ఈరోజు నా ఇంటివైపు ఒకలాగా చూశారు.

అయిదు రోజులు

ఈరోజు నిలబడి అన్నం తిన్నాను. కూర్చునే తీరిక లేదు, వద్దు కూడా.

మాలో తాళపు వియ్యం అని ఒకటుంది. ప్రతి ఇంటికీ రెండు తాళాలు కదా, రెండోది సొంత ఇంట్లో పెట్టుకోం. వరుసలో పక్క ఇంటికి ఇచ్చి, వాళ్ళ రెండోది మనం తీసుకుంటాం. దారిలో నడిపేవాళ్ళకి జబ్బు చేస్తే ఇంకొకరు ఎక్కి నడపాలి కదా! అలా మార్చుకున్నవాళ్ళు జీవితాంతం ఒకరినొకరు వియ్యంకుడనో వియ్యపురాలనో పిలుచుకుంటారు. ఆ తాళాలు బియ్యం డబ్బాల అడుగున నిద్రపోతుంటాయి. వాటితో ఎవరూ మొక్కరు. ఒక్కో తాళానికి బండి వేరే లెక్క పెట్టుకుంటుంది కాబట్టి, నిద్రపోయిన తాళం ఇంకా నమ్మకస్తురాలే!

మద్దిలేటి మామ వియ్యంకుడు డబ్బా అడుగునుంచి తాళం తీసి నొక్కగానే మామ ఇల్లు దీపాలు ఆర్పి వెలిగించింది. మామ ఆ తాళాన్ని కళ్ళకద్దుకున్నాడు. ఆ తాళంతో బండిని నడిపించి, అది లోపల ఉండగానే మొదటి తాళాన్ని మళ్ళీ పరిచయం చేశాను. పది నిమిషాల పని. చీకటి పడకముందే ముప్పైరెండు ఇళ్ళు పలికాయి. ప్రతి ఇంటి దగ్గరా ఈలలు, కేకలు. ఇలాంటి రోజు నా జన్మలో లేదు.

మిగిలినవి రెండే: కుళ్ళాయమ్మ అక్కది, ఆదెమ్మ అక్కది. కుళ్ళాయమ్మ రెండో తాళం ఆదెమ్మ దగ్గర ఉంది. ఆదెమ్మది కుళ్ళాయమ్మ దగ్గర ఉంది. వాళ్ళిద్దరూ మాట్లాడుకోరు.

నాలుగు రోజులు

గొడవ అందరికీ తెలిసిందే. అప్పట్లో ఆదెమ్మ అక్క ఇల్లు వరుసలో కుళ్ళాయమ్మ అక్క ఇంటి వెనకే ఉండేది. ఒకరోజు దోమలకని ఆదెమ్మ అక్క పొగ వేసింది. గాలి తిరిగింది. పట్టుపురుగు పొగకి ఆగదు, ఒక్క పూటలో తట్టలన్నీ పోయాయి. "నీ నీడ గూడా నా ఇంటి మీద పడగూడదు" అని కుళ్ళాయమ్మ అక్క అందరి ముందూ అరిచింది. ఆదెమ్మ అక్క తన ఇంటిని వరుస చివరికి తీసుకెళ్ళి నిలబెట్టుకుంది. అయితే తాళాలు మాత్రం ఇద్దరూ తిరిగి ఇచ్చుకోలేదు. ఇచ్చేస్తే వియ్యం తెగినట్టు, పెద్దల ముందు చెప్పాలి.

రెండో తాళం చేతిలో నుంచి చేతిలోకే పోవాలి, మధ్యలో నాలాంటిది దూరకూడదు. అందుకని కుళ్ళాయమ్మ అక్క దగ్గరికి పోయి బతిమాలాను.

"నేను పోయి అడగాల్నా? ఆయమ్మనా?" ఆకు తుంచుతూనే ఉంది. "నా పురుగులతో ఈన్నే ఉంటా. మీరు పోండి."

"ఈ ఎండకి ఉడికి చస్తావక్కా!"

"ఆ పొద్దు ఆ పురుగులు సచ్చినప్పుడు ఎవురొచ్చి ఏడ్సినారు?"

నాకు కోపం వచ్చింది. తట్టలు వేరే ఇళ్ళకి మార్చుదామంటే ఏ ఇంట్లో చూసినా తాలింపు పొగ, సాంబ్రాణి పొగ. అరవై తట్టలకి చోటూ లేదు. ఆమె ఇల్లు కదలాలి, అంతే.

మూడు రోజులు

వరుస చివరికి నడిచి ఆదెమ్మ అక్కని కలిశాను. పొడుగ్గా, ఎప్పుడూ నవ్వు దాచుకున్నట్టు ఉండే మనిషి. నేను సంగతి చెప్తుంటే గడపమీద కూర్చుని గోళ్ళు చూసుకుంది.

"ఆ తాళం యాడనో పడిపాయ" అంది.

"అబద్ధం చెప్పినా ముఖం చూసి చెప్పక్కా."

"ఇస్తే ఏమనుకుంటాదో ఆయమ్మ. నన్ను చూస్తేనే పురుగులు సస్తాయనుకుంటాది."

"నీ ఇల్లు గూడా పలకడం ల్యా కదా? ఆమె కాడుండే తాళం లేకుంటే నువ్వూ ఈన్నే ఉంటావు, తెలుసునా?"

"నాదాన్ని గురించి నేను అడగల్యా" అంది ఆదెమ్మ అక్క.

ఇంత మంచి యంత్రాలు, ఇంత చక్కటి లెక్కలు, మధ్యలో ఈ ఇద్దరూ! తిరిగి వస్తూ దారి పొడుగునా గొణుక్కున్నాను.

రెండు రోజులు

ఆదెమ్మ అక్క వచ్చింది! ఎండెక్కకముందే, కొంగులో ఏదో ముడి వేసుకుని, నలభై ఇళ్ళ ముందునుంచీ నడుచుకుంటూ వచ్చింది. ఇళ్ళలోని వాళ్ళంతా బయటికి వచ్చి ఆమె వెనకే నడిచారు. కుళ్ళాయమ్మ అక్క తట్ట చేత్తో పట్టుకుని తలుపు దగ్గర నిలబడిపోయింది. ఆదెమ్మ అక్క ముడి విప్పి తాళం చెయ్యి చాపి ఇచ్చింది.

కుళ్ళాయమ్మ అక్క దాన్ని నా చేతిలో పెట్టింది. నొక్కాను. ఇల్లు పలకలేదు.

పలకకి పెట్టాను. 64,812. నా పలక పాడైందనుకుని దులిపి మళ్ళీ చూశాను. అదే అంకె. ఇంటి తెరలో చూస్తే ఈ తాళానికి బండి గుర్తుపెట్టుకున్న లెక్క పదకొండు. వియ్యం కలుపుకున్న కొత్తలో సరదాకి నొక్కినవి అవి. ఇప్పుడు నేను నొక్కింది ఒకటి. ఆ పన్నెండూ పోతే 64,800. అప్పుడు తాళాన్ని చూశాను. బటన్ మీది బొమ్మ పూర్తిగా చెరిగిపోయి, బొటనవేలు పట్టేంత గుంట పడింది.

"ఆదెమ్మక్కా, ఇదేంది?"

ఆమె ఇసుక కేసి చూసింది. "మొక్కుకున్నా."

"ఎన్ని దినాలు?"

"నేను చివరికి పోయినప్పటి సంది. ఆయమ్మ ఇంటికి ఏమీ కాగూడదని. దినామూ నూట ఎనిమిది."

ఆరువందల రోజులు. నేను గట్టిగానే లెక్కపెట్టి చెప్పాను, నోరు ఊరుకోదు కదా. ఆరువందల రోజులు, ఒక్కరోజు తప్పకుండా, వరుస చివర కూర్చుని, ఈ ఇంటికి వినపడనంత దూరం నుంచి. కుళ్ళాయమ్మ అక్క తట్ట పట్టుకునే లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఆదెమ్మ అక్క వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

నాకు ఏడుపొచ్చింది. మనిషి మీద ఇంత ప్రేమ పెట్టుకుని, దానితోనే ఆమె ఇంటికి తాళం వేసేసింది. రెండు తాళాలూ పోయాయి. ఆదెమ్మ అక్క ఇంటి సంగతి అడగాలన్నది కూడా ఆ గోలలో మరిచిపోయాను.

ఒక్క రోజు

దీన్ని వరుసగా రాయాలి, లేకపోతే నేనే నమ్మను.

పొద్దున మద్దిలేటి మామ తన ఇంటిని ముందుకు తెచ్చి వరుస సరిచేస్తున్నాడు. దారి చూపించడానికి నేను ఆయన పక్కన కూర్చున్నాను. ఉన్నట్టుండి ఆయన నవ్వాడు.

"చూడమ్మే, నా ఇల్లు మళ్ళా చిన్నబిడ్డయిపోయింది."

దూరం చూపించే మీటరు తొంభైతొమ్మిది వేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది దాటి సున్నాలకి వచ్చింది. నేను కదులుతున్న బండిలోంచి దూకేశాను. వెనకనుంచి మామ తిట్టడం వినిపించింది.

తాళం లెక్కకి కూడా చివర ఉంటుంది! 65,535 దాకా పోయి, తర్వాత సున్నాకి వస్తుంది. వెనక్కి తిప్పలేం సరే, చుట్టూ తిరిగి రావచ్చు! కుళ్ళాయమ్మ అక్క సొంత తాళం నాలుగువేల పైచిలుకే పోయింది, అది చుట్టూ తిరిగి రావాలంటే ఇంకా అరవైవేలు నొక్కాలి. ఆదెమ్మ అక్క తాళం అలా కాదు. ఆరువందల రోజులు మొక్కి మొక్కి దాదాపు చుట్టంతా తిరిగేసింది! 64,812 నుంచి సున్నాకి ఏడువందల ఇరవైనాలుగు. బండి గుర్తుంచుకున్నది పదకొండు కాబట్టి దాని తర్వాతి పన్నెండు దాకా పోవాలి. మొత్తం ఏడువందల ముప్పైఆరు నొక్కులు. ఆమె ఇంకో పదిరోజులు గుట్టుగా మొక్కి ఉంటే ఆ చోటూ దాటిపోయేది.

నేను అరుస్తూ పరిగెత్తాను. ఏం అరిచానో గుర్తులేదు. పావుగంటలో బిడారంతా కుళ్ళాయమ్మ అక్క ఇంటి ముందుంది. ఆదెమ్మ అక్కని నేనే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

"ఇంటి ముందరే నిలబడి నొక్కాల. సరైన అంకె రాంగానే ఇల్లు తానే పలుకుతాది. ఒక్కో నొక్కుకీ దీపం ఆరేదాకా ఆగండి."

ఆదెమ్మ అక్క మొదలుపెట్టింది. అందరూ గట్టిగా లెక్కపెట్టారు. నూరు. రెండువందలు. ఎండ ఎక్కుతోంది, ఒక్కరూ నీడకి పోలేదు. మూడువందల తొంభై దగ్గర ఆమె బొటనవేలు పట్టేసింది. చెయ్యి విదిలించుకుంది. అప్పుడు కుళ్ళాయమ్మ అక్క మెట్లు దిగి వచ్చి తాళం అందుకుంది. "నాకియ్యి" అంది అంతే. ఆరువందల రోజుల తర్వాత మొదటి మాట అది.

ఏడువందలు. ఏడువందల ఇరవైనాలుగు, ఇప్పుడు సున్నా! లెక్కలో ఒక్కటి తప్పినా ఏం కాదని తెలుసు, అయినా చూడలేకపోయాను. ముప్పైమూడు. ముప్పైనాలుగు. ముప్పైఅయిదు.

ఏడువందల ముప్పైఆరు. ఇల్లు దీపాలన్నీ వెలిగించి కీక్‌మంది!

ఆ కేకలకి పెన్న ఇసుకలోని కాకులన్నీ లేచాయి. మద్దిలేటి మామ నన్ను ఎత్తి తిప్పాడు, వయసు మరిచిపోయి. ఇంజను మొదలైంది, తట్టల మీదికి చల్లగాలి వచ్చింది, పురుగులు ఏమీ జరగనట్టు ఆకు నములుతున్నాయి. పది నిమిషాల్లో మొదటి తాళాన్ని మళ్ళీ నేర్పించాను.

ఇంకొక్క ఇల్లు మిగిలింది. కుళ్ళాయమ్మ అక్క లోపలికి పోయి, బియ్యం డబ్బా అడుగునుంచి గుడ్డలో చుట్టిన తాళం తెచ్చింది. అందరం వరుస చివరికి నడిచాం. నాకు మళ్ళీ భయం. ఈమె కూడా ఏమైనా మొక్కిందేమో!

ఒకే ఒక్క నొక్కు. ఆదెమ్మ అక్క ఇల్లు వెంటనే పలికింది.

జనం ఈలలు వేశారు. కుళ్ళాయమ్మ అక్క మాత్రం తాళాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది. బటన్ మీది బొమ్మ చెక్కుచెదరకుండా కొత్తగా ఉంది.

"నీ ఇంటి కోసం నేను ఒక్క దినమన్నా మొక్కల్యా ఆదెమ్మా" అంది. "ఒక్క తూరి గూడా నొక్కల్యా."

ఆదెమ్మ అక్క వాచిన బొటనవేలిని కొంగుతో చుట్టుకుంటూ ఆమె పక్కకి వచ్చి నిలబడింది.

"మంచి పని చేసినావు వియ్యపురాలా" అంది. "నువ్వు గూడా మొక్కింటే నేను ఈ ఇసుకలోనే ఉండిపోతాండె."